మోసేవాడే కాల్చేవాడైనప్పుడు

1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి అతిథిగా వచ్చి, వరంగల్ వైపు నెక్కొండ అడవుల్లో పులుల వేటకు వెళ్ళాడు. రాజా దీన్‌దయాళ్ అప్పుడు తీసిన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. చచ్చిన పులి, కర్జన్, ఆయన భార్య. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా మనసు అందులో లేనివాళ్ళ మీదికే పోతుంది. డప్పులు కొట్టి అడవి జల్లించినవాళ్ళు, మంచెలు కట్టినవాళ్ళు, తుపాకులూ తూటాల పెట్టెలూ మోసుకుంటూ ముందు నడిచినవాళ్ళు ఎవరో మనకు తెలియదు. తెలంగాణలో దొర షికారుకు బయల్దేరితే ఊళ్ళో జనం వెట్టికి కదలాల్సిందే. తుపాకీ ఎంత బరువుందో కాల్చేవాడికి పట్టలేదు. అది వాడి భుజం మీద లేదు.

తేలికపాటి వేట రైఫిలు ఎలా వచ్చిందన్న కథను చాలామంది ఉక్కు నుంచో, తుపాకి మందు నుంచో మొదలుపెడతారు. అవి రెండూ లేకపోతే కథే లేదు, నిజమే. కానీ బరువు తగ్గించి తీరాలన్న పట్టుదల మాత్రం మోసేవాడూ కాల్చేవాడూ ఒక్కడే అయినచోట పుట్టింది. గుట్ట ఎక్కి, ఒర్రె దిగి, మళ్ళీ గుట్ట ఎక్కాల్సిన మనిషికే అరకిలో విలువ తెలుస్తుంది.

మొదట్లో తుపాకులు ఎంత బరువుండేవో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. సామ్యూల్ బేకర్ అనే ఇంగ్లీషు వేటగాడు 1840లో బ్రిస్టల్‌లోని గిబ్స్ కంపెనీ చేత ఒక రైఫిలు చేయించుకుని సిలోన్‌కు పట్టుకెళ్ళాడు. దాని బరువు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు. బ్యారెల్ పొడవు మూడడుగులు. కండలు తిరిగిన బలశాలి అయిన బేకర్‌కు కూడా వెంట తుపాకులు మోసే మనుషులు ఉండేవాళ్ళు. ఒకటి పేల్చి వెనక్కి ఇస్తే, దట్టించి సిద్ధంగా ఉన్న రెండోది చేతికి అందేది.

ఆ బరువు అవివేకం కాదు, అవసరం. నాటి నల్లటి తుపాకి మందుతో గుండును ఒక హద్దు దాటి వేగంగా పంపడం కుదరదు. వేగం పెరగనప్పుడు దెబ్బ పెరగాలంటే సీసం గుండును పెద్దది చేయాలి. గుండు పెద్దదైతే గొట్టం లావు కావాలి, మందు ఎక్కువ పడాలి. మందు ఎక్కువైతే గొట్టం పగలకుండా గోడలు మందంగా ఉండాలి. ఇంత మందు పేలినప్పుడు భుజానికి తగిలే తన్ను తగ్గాలన్నా తుపాకీ బరువుగానే ఉండాలి. అన్ని దారులూ బరువు వైపే పోయాయి.

మన పల్లెల్లో ఉన్నది ఇంకో తుపాకీ, భర్మారు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. దాన్ని నింపడం ఒక పని. మూతి వైపు నుంచి కొలత ప్రకారం నల్లటి తుపాకి మందు పోయాలి. గుడ్డపేలికో, కొబ్బరి పీచో కుక్కాలి. పొడుగాటి గజంతో దట్టించాలి. ఆ తర్వాత సీసం గుండో రవ్వలో వేసి, జారిపోకుండా మళ్ళీ పీచు కుక్కాలి. చివరికి గుర్రం కింద టోపీ పెడితే గానీ పేలదు. ఇంత చేసినా ఒక్కటే దెబ్బ. వానలో మందు తడిస్తే అదీ లేదు. జగిత్యాల దగ్గరి మన గొల్లపల్లి నుంచి ఉత్తరంగా ధర్మపురి దాటి, గోదావరి అవతలి గట్టెక్కితే జన్నారం, కవ్వాల అడవులు. ఆ గుట్టల్లో భర్మారు పట్టుకుని తిరిగిన మనిషికి రెండో అవకాశం ఉండేది కాదు. అందుకే అతను జంతువుకు అతి దగ్గరగా పోయేవాడు, లేదా నీటి చెలమ దగ్గర రాత్రంతా కాపు కాసేవాడు. ఆయుధం తక్కువైనచోట కాళ్ళూ కళ్ళూ ఎక్కువ పని చేశాయి.

ఇక ఉక్కు. ఈ అధ్యాయంలో మన పొరుగూరికి పెద్ద పాత్ర ఉంది. కోరుట్ల, మెట్‌పల్లి దాటి నిజామాబాద్ జిల్లాలో అడుగుపెట్టగానే కమ్మర్‌పల్లి ప్రాంతంలో కోనసముద్రం అనే ఊరుంది. మూసలో కరిగించి, నెమ్మదిగా చల్లార్చి తీసే ఉక్కుకు అది పేరుమోసిన చోటు. దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో డాక్టరూ భూగర్భ శాస్త్రవేత్తా అయిన హెచ్.డబ్ల్యు. వాయిసీ ఆ ఊరు వెళ్ళి కొలుములు చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఆ ఊళ్ళో మకాం పెట్టి ఉక్కు కొనడం ఆయన కళ్ళారా చూశాడు. డమాస్కస్ కత్తులని ప్రపంచం మెచ్చుకున్న వాటికి ఇలాంటి ఊళ్ళ ఉక్కే ముడిసరుకు. 2010లో మన దేశపు, బ్రిటన్ పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ జిల్లాల్లో పాత ఇనుప కొలుముల జాడలు వెతికితే పొలాల్లో, చెరువు గట్ల మీద చిట్టెం కుప్పలు కుప్పలుగా కనిపించింది. మన పిల్లల పాఠాల్లో కోనసముద్రం పేరు ఉండాలని నా గట్టి కోరిక.

మైకేల్ ఫారడే తన తొలిరోజుల్లో, 1819 ప్రాంతంలో, ఈ మూస ఉక్కునే పరీక్షించాడు. జేమ్స్ స్టొడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దాన్ని ఇంగ్లండులో చేయాలని చూశాడు. ఐరోపా తుపాకుల వాళ్ళు ఆ ఉక్కు మీది అలల నమూనాను ఇంకో పద్ధతిలో తెచ్చుకున్నారు. ఇనుప, ఉక్కు పట్టీలను కలిపి, మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తిదెబ్బలతో అతికి గొట్టం చేశారు. నునుపు చేశాక దాని మీద చక్కటి గీతలు తేలేవి. వట్టి ఇనుప గొట్టం కంటే ఇది గట్టిది కాబట్టి గోడలు పలచగా ఉంచగలిగారు. తుపాకీ కొంత తేలికైంది. అయితే అతుకుల్లో ఎక్కడో చిన్న లోపం దాగి ఉండేది. నల్లటి తుపాకి మందు ఒత్తిడికి ఆగిన ఆ గొట్టాలు తర్వాత వచ్చిన పొగరాని మందుకు ఆగలేకపోయాయి.

ఆ మందే అసలు మలుపు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త పొగ దాదాపు రాని తుపాకి మందు తయారుచేశాడు. రెండేళ్ళకే, 1886లో, ఫ్రెంచి సైన్యం దాన్ని లెబెల్ రైఫిల్‌లో వాడుకలోకి తెచ్చింది. గుండు వేగం ఒక్కసారిగా పెరిగింది. గుండు బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపవుతుంది. అదే వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. ఈ ఒక్క లెక్కతో బొటనవేలంత గొట్టాలు పోయి చిటికెనవేలు కూడా పట్టని గొట్టాలు వచ్చాయి. అంత వేగానికి వట్టి సీసం గొట్టంలోనే కరిగి అంటుకుపోతుంది కనుక గుండుకు గట్టి లోహపు తొడుగు వేశారు. అప్పటికి మూసల్లో కాక పెద్ద కొలుముల్లో ఒకే రకంగా పోతపోసే ఉక్కు చవకగా దొరుకుతోంది. తక్కువ ఉక్కుతో ఎక్కువ ఒత్తిడిని పట్టి ఉంచడం సాధ్యమైంది.

సాధ్యమైనా అందరూ తేలిక వైపు రాలేదు. మన దేశంలో మహారాజులు, దొరలు, తెల్ల అధికారులు రెండు గొట్టాల పెద్ద రైఫిళ్ళనే పట్టుకున్నారు. ఏనుగు అంబారీ మీద, మంచె మీద కూర్చునేవాడికి బరువు మేలే చేసింది, తుపాకీ కదలదు కదా. తేలిక రైఫిలు ఆల్ప్స్ కొండల్లో తయారైంది.

ఆస్ట్రియాలోని స్టైర్ ఆయుధశాలలో ఫెర్డినాండ్ మన్‌లిఖర్, ఓట్టో షోనవర్ కలిసి చేసిన 1903 నమూనా నిజానికి గ్రీసు సైన్యం కోసం పుట్టింది. దాని పొట్టి వేట రూపమే కొండ వేటగాళ్ళ మనసు దోచింది. దాన్ని దగ్గరగా చూస్తే ఎంత ఆలోచించి చేశారో తెలుస్తుంది. బ్యారెల్ అరమీటరు కూడా లేదు, 450 మిల్లీమీటర్లు. చెక్క భాగం మూతి చివరి దాకా సన్నగా సాగి ఉంటుంది. రాళ్ళకు తగిలినా గొట్టానికి దెబ్బ తగలదు, చలికి చేయి లోహానికి అంటుకోదు. బోల్టు పిడి చెంచా కాడలా చదునుగా పక్కకు ఒదిగి ఉంటుంది, గుడ్డకు గానీ తాడుకు గానీ చిక్కుకోదు. లోపల తూటాలు పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడి ఉండవు. గుండ్రంగా తిరిగే ఇరుసు చుట్టూ ఒక్కోటీ తన గాడిలో కూర్చుంటుంది. బోల్టు లాగి తోస్తే ఇరుసు మెత్తగా తిరిగి తర్వాతి తూటాను అందిస్తుంది. ఈ ఏర్పాటు వల్ల తుపాకీ పొట్ట కింద ఏమీ పొడుచుకు రాదు. బరువు సరిగ్గా సమానమయ్యే చోటే అరచెయ్యి పడుతుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో రాయి పట్టుకుని కొండ ఎక్కవచ్చు. మొత్తం బరువు మూడు కిలోల చిల్లర.

ఇది 6.5 మిల్లీమీటర్ల సన్నటి గొట్టం. గుండు మాత్రం దాని లావుకు మించి పొడవు, పది గ్రాముల పైచిలుకు. సన్నగా పొడవుగా ఉండడంతో తిన్నగా లోతుకు దిగుతుంది. స్కాట్లండు మనిషి డబ్ల్యు.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో ఇలాంటి చిన్న బోరు రైఫిళ్ళతో ఏనుగులనే కొట్టాడు. ఆ ఏనుగుల లెక్క చదువుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అయినా రైఫిలు గురించి ఆయన చెప్పినది మాత్రం ఆ రోజుల్లో పెద్ద పాఠమైంది. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యం, ఎంత పెద్దదన్నది కాదు. దంతాల కోసం రోజంతా మైళ్ళ కొద్దీ నడిచిన బెల్‌కు బరువు రైఫిలు పనికిరాలేదు.

అమెరికాలో చార్లెస్ షెల్డన్ కూడా 6.5 మన్‌లిఖర్ పట్టుకునే యూకాన్, అలాస్కా కొండల్లో అడవి గొర్రెల వెంట తిరిగాడు. ఏళ్ళ తరబడి అలా తిరిగిన ఆ మనిషే అడవి గొర్రెలను వేట సరుకు వ్యాపారుల నుంచి కాపాడాలని పట్టుబట్టి, 1917లో అక్కడ జాతీయ పార్కు ఏర్పడేదాకా వదల్లేదు. దాన్ని ఇప్పుడు డెనాలి అంటారు. మన జిమ్ కార్బెట్ కథా ఇదే దారి. 1907లో చంపావత్ నరభక్షక ఆడపులిని చంపినందుకు ప్రభుత్వం తరఫున ఆయనకు .275 రిగ్బీ రైఫిలు బహుమతిగా వచ్చింది. జర్మన్ మౌజర్ యంత్రాంగం మీద లండన్ రిగ్బీ వాళ్ళు చేసిన తేలిక రైఫిలది. కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఆయన తన రైఫిలు తనే మోసుకుంటూ ఒంటరిగా నడిచాడు. 1926లో రుద్రప్రయాగ చిరుత ఆ రైఫిలుకే పడింది. తర్వాత ఆయన కెమెరా పట్టుకున్నాడు. 1936లో ఏర్పడిన జాతీయ పార్కుకు ఆయన మరణానంతరం ఆయన పేరే పెట్టారు. అంబారీ మీంచి వందల పులులను కొట్టినవాళ్ళ పేరున కాక, బరువు తన భుజాన మోసి నడిచినవాళ్ళ పేరున అడవులు నిలవడం యాదృచ్ఛికం అని నేను అనుకోను. నడిచినవాడికి అడవి కనిపించింది.

మన దేశంలో మామూలు లైసెన్సుదారుకు అందిన రైఫిలు కథ వేరు. సైన్యం వాడే .303 బోరును పౌరుల చేతికి ఇవ్వకూడదని బ్రిటిష్ ప్రభుత్వం గట్టిగా అనుకుంది. పోయిన తూటాలు తమ మీదికే తిరిగొస్తాయన్న భయం. అందుకని లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు యంత్రాంగాన్ని అలాగే ఉంచి, తూటాను మాత్రం పాత ఆస్ట్రియా 8 మిల్లీమీటర్లదానికి మార్చారు. అదే .315. స్వాతంత్ర్యం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్ని తయారుచేస్తూ వచ్చింది. మూడు కిలోల పైచిలుకు ఉంటుంది. మొరటుగా కనిపించినా దుమ్మూ తేమా భరిస్తుంది. కొండల కోసం పుట్టింది కాదు, చట్టం గీసిన గీత కోసం పుట్టింది.

బరువు ఎలా తగ్గించకూడదో నేర్పింది కూడా ఆ లీ ఎన్‌ఫీల్డ్ కుటుంబమే. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా లాంటి అడవుల్లో పోరాడే సైనికుడి కోసం 1944లో ఐదో నంబరు రైఫిలు తెచ్చారు. తర్వాత దానికి జంగిల్ కార్బైన్ అన్న పేరు స్థిరపడింది. నాలుగు కిలోల రైఫిలు బ్యారెల్ నరికి, అక్కడక్కడ ఉక్కు చెక్కి, చెక్క తగ్గించి మూడు కిలోల రెండు వందలకు దింపారు. తూటా మాత్రం అదే. పొట్టి గొట్టంలో పూర్తిగా కాలని మందు మూతి దగ్గర మంటై ఎగిసేది. అందుకు గరాటు బిగించారు. భుజానికి తన్ను పెరిగింది. అందుకు రబ్బరు మెత్త పెట్టారు, అది చిన్నది, గట్టిది, నొప్పి తగ్గలేదు. పైగా ఒకరోజు సరిచేసిన గురి ఇంకోరోజు నిలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. 1947కల్లా తయారీ ఆపేశారు. ఉన్నదాన్ని కోసి తేలిక చేస్తే ఏదో ఒక మూల గట్టితనం పోతుంది.

1952లో అమెరికా వించెస్టర్ కంపెనీ ఇంకాస్త జాగ్రత్తగా నడిచింది. తన పేరున్న మోడల్ 70 రైఫిలుకు ఫెదర్‌వెయిట్ రూపం ఇచ్చింది. బ్యారెల్ సన్నం చేశారు, ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీ, కింది పలక ఉక్కు బదులు అల్యూమినియం మిశ్రమంతో చేశారు, భుజానికి ఆనే చెక్కలో లోపల తొలిచారు. అదే ఏడు పొట్టి .308 తూటా కూడా బజారుకొచ్చింది. తూటా పొట్టిదైతే బోల్టు దూరం తగ్గుతుంది, ఉక్కు తగ్గుతుంది. మొత్తం మీద అరకిలో పైగా దిగింది.

అసలు పని ముప్పై ఏళ్ళ తర్వాత వెస్ట్ వర్జీనియాలో ఒక చిన్న పనిశాలలో జరిగింది. 1985లో మెల్విన్ ఫోర్బ్స్ అల్ట్రా లైట్ ఆర్మ్స్ అని సొంత కంపెనీ పెట్టి మోడల్ 20 తెచ్చాడు. అప్పటిదాకా అందరూ పెద్ద చొక్కాను కోసి చిన్న పిల్లాడికి కుట్టినట్టు చేస్తుంటే, ఫోర్బ్స్ ఒంటి కొలత తీసుకుని కొత్త గుడ్డ కత్తిరించాడు. తూటా పొడవు ఇంత, దాని ఒత్తిడి ఇంత, దాన్ని పట్టి ఉంచడానికి ఎంత ఉక్కు ఎక్కడ కావాలో అంతే పెట్టాడు. ఆ ఉక్కు పెట్టె, బోల్టు కలిపి 20 ఔన్సులు. మోడల్ పేరులోని 20 అదే. కట్టె బదులు కెవ్లార్, గ్రాఫైట్ పొరలతో ఒక పౌండు బరువున్న స్టాక్ చేశాడు. మామూలుగా బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య సందు వదులుతారు, చెక్క వానకు ఉబ్బి ఎండకు వంగి బ్యారెల్‌ను నెడుతుందని. ఫోర్బ్స్ స్టాక్ వంగదు కనుక బ్యారెల్‌ను కొస దాకా దానికి ఆనించి పడుకోబెట్టాడు. సన్నటి బ్యారెల్ అదరకుండా స్టాకే పట్టుకుంది. రైఫిలు మొత్తం అయిదు పౌండ్ల లోపు, అంటే రెండు కిలోల పైచిలుకు. జంగిల్ కార్బైన్ ఎక్కడ ఓడిందో అక్కడ ఇది గెలిచింది. 1995లో యూటాలో మొదలైన క్రిస్టెన్సెన్ ఆర్మ్స్ సన్నటి ఉక్కు గొట్టం చుట్టూ కార్బన్ నార చుట్టే దారి తెరిచింది. 2001లో రెమింగ్టన్ టైటానియం వాడింది. ఇవన్నీ ఫోర్బ్స్ వేసిన బాటకు కొనసాగింపే.

అలాగని తేలిక అంటే మంచే అనుకోవద్దు. అదే తూటాతో రైఫిలు బరువు సగమైతే భుజాన్ని తన్నే శక్తి సరిగ్గా రెట్టింపవుతుంది. తన్నుకు భయపడినవాడు ట్రిగ్గరు నొక్కే ముందే కళ్ళు మూస్తాడు. గుట్ట ఎక్కి ఆయాసపడుతున్న మనిషి చేతిలో మరీ తేలిక రైఫిలు గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. సన్నటి బ్యారెల్ రెండు మూడు దెబ్బలకే వేడెక్కి గురి తప్పిస్తుంది. గాయపడి పారిపోయిన జంతువు బాధ ఈ తప్పుల వల్లే. కొండ ప్రాంతానికి రైఫిలు ఎంచుకునే అనుభవజ్ఞులు అందుకే వట్టి రైఫిలు కాదు, స్కోపు, భుజం పట్టీ, తూటాలతో కలిపి తూకం వేస్తారు. అన్నీ కలిసి మూడు, మూడున్నర కిలోల మధ్య ఉంటే చాలంటారు. అంతకంటే తగ్గించాలంటే ముందు తన్ను తక్కువ ఉన్న తూటా ఎంచుకోవాలి. నా దృష్టిలో కూడా అదే సరైన లెక్క.

ఇప్పుడు గొల్లపల్లికి వద్దాం. ఈ గుట్టల్లో వేట రైఫిలు కథ చట్టం దగ్గర ఆగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, షికారు ముగిసింది. నక్సలైట్ పోరాటాల కాలంలో, 1978 అక్టోబరు 20న సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించాక ఇక్కడ తుపాకీ అన్న మాటకే వేరే బరువు వచ్చింది. ఆ బరువు మోసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అందువల్ల ఇక్కడ తుపాకుల గురించి మాట్లాడేటప్పుడు ఎవరైనా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఆ మర్యాద నాకూ ఇష్టమే.

కానీ అడవి పంది సంగతి ఎవరూ గొంతు తగ్గించి చెప్పడం లేదు. పాలు పట్టే దశలో ఉన్న మక్క చేనులోకి రాత్రి ఒక గుంపు దిగితే పొద్దున రైతుకు కనిపించేది విరిగిన కర్రలు, సగం కొరికి వదిలేసిన కంకులు, తవ్విపోసిన మట్టి. మంచె మీద డబ్బా కొడుతూ ఎన్ని రాత్రులు కూర్చుంటాడు? కరెంటు తీగ పెట్టక ఏం జేయమంటరని అతను అడిగితే జవాబు చెప్పాలి. ఆ కరెంటు తీగకు పంది ఒక్కటే పడదు. పొద్దున్నే నీళ్ళు పెట్టడానికి పోయే పక్క చేను రైతు పడతాడు, కవ్వాల వైపు నుంచి దారి తప్పి వచ్చిన పులి పడుతుంది.

చట్టంలో దారి ఉంది. అడవి పంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపడానికి పదకొండో సెక్షన్ కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గానీ ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి మీద, లైసెన్సు ఉన్న గురిగాడు మాత్రమే ఆ పని చేయాలి. చంపిన జంతువు ప్రభుత్వ సొత్తు, మాంసం పంచుకోవడానికి లేదు. మక్క చేను గట్ల మీద, గుట్ట వాలుల మీద రాత్రిపూట నడవాల్సిన అలాంటి మనిషికి పైన చెప్పిన కథంతా పనికొస్తుంది. మిగతా మనకు కావాల్సింది రైఫిలు కాదు. మీ చేలో పందుల నష్టం ఉంటే ఫొటోలు తీసి, సర్వే నంబరు రాసి, అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఊళ్ళో ఎవరైనా తీగకు కరెంటు ఇస్తున్నట్టు తెలిస్తే ఆ రాత్రే ఆపించండి.